చుక్కలు లేని గీత

మా ఆయన బతికుండగా కోటు వేసుకోలేదు. పెళ్లికి కూడా పంచె, చొక్కా. ఇప్పుడు మా ముందుగది గోడ మీద మాత్రం నీలం కోటు, ఎర్ర టై కట్టుకుని ఉన్నాడు.

పోయిన రోజున ఫోటో కోసం ఇల్లంతా వెతికారు. పెళ్లిఫోటో ఒకటి ఉండేది గానీ, కాలవ గట్టు తెగి ఇంట్లోకి నీళ్లొచ్చిన ఏడాది తడిసి అద్దానికి అతుక్కుపోయింది. మా అబ్బాయి సెల్లులో ఆయన సగం సగమే ఉన్నాడు. ఒకదాంట్లో మోచెయ్యి, ఇంకోదాంట్లో చెవీ, బుగ్గా. ఎవరు సెల్లు పైకెత్తినా పక్కకి తప్పుకునేవాడు. చివరికి బీరువాలో పాస్‌పోర్టు సైజు ఫోటో దొరికింది. అందులో కాలరు నలిగి ఉంది. స్టూడియో అతను "ఇది పెద్దది చేస్తే బాగోదండి, కోటు పెట్టేస్తాను" అన్నాడట. మావాడు సరేనన్నాడు. పెదకర్మ నాటికి మా ఆయన బ్యాంకు మేనేజరై తిరిగొచ్చాడు.

వచ్చినవాళ్లంతా "మాట్లాడుతున్నట్టే ఉన్నాడమ్మా" అన్నారు. నేనేం అనలేదు. ఆ రోజుల్లో ఎవరితోనూ ఏమీ అనలేదు. ఏడవలేదు కూడా. నన్ను ఏడిపించడానికి మా ఆడపడుచు చాలా కష్టపడింది. నా మెడ పట్టుకుని ఊగిపోయింది. నాకు ఆమె మోచెయ్యి గుచ్చుకుంది, అంతే. కాలు తిమ్మిరెక్కితే, గిల్లినా ఎవరి కాలో గిల్లినట్టు ఉంటుంది చూడండి, అలా ఉండేది నాకు ఇల్లంతా. పొద్దున్నే లేచేదాన్ని. స్టవ్ వెలిగించేదాన్ని. పెట్టింది తినేదాన్ని. వాకిట్లో ముగ్గు మాత్రం లేదు. మనిషి పోయిన ఏడాది ముగ్గు పెట్టకపోవడం మా ఇంటి పద్ధతి. చిన్నప్పట్నుంచీ తెల్లారితే ముగ్గు చిప్ప పట్టుకున్న చెయ్యి, అది లేకపోయేసరికి నా పక్కన ఊరికే వేలాడుతూ ఉండేది.

ఆయన కాలవ మీద లస్కరుగా చేశాడు. ఏ పొలాలకి ఎప్పుడు నీళ్లు వదలాలో పైవాళ్లు చెప్తే, లాకుల దగ్గర మర తిప్పి ఇనప తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. అన్నేళ్లు ఆ మర తిప్పీ తిప్పీ కుడి భుజం కిందికి దిగిపోయింది. సైకిలు ఎక్కేవాడు కాదు, నడిపించుకుంటూ తిరిగేవాడు. ఊళ్లో అంతా "సైకిలే ఆయన్ని నడిపిస్తోంది" అనేవాళ్లు. ఇంటికొచ్చి వరండా మెట్టెక్కగానే మా కోడలు ఏ పనిలో ఉన్నా, కుర్చీలో ఉంటే లేచి నిలబడేది. ఆయనకి అది నచ్చేది కాదు. "కూర్చోమ్మా, నేనేమైనా కలెక్టర్నా" అనేవాడు. ఆమె కూర్చునేది. మర్నాడు మళ్లీ లేచేది. ఆయన మళ్లీ కలెక్టర్నా అనేవాడు. ఆ పిల్ల కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన పోయేదాకా ఇదే.

కోటు పెట్టినవాడు ఆయన రెండు భుజాలూ సమానం చేసేశాడు. నాకు తేడా అక్కడ తెలిసింది. ముఖం ఆయనదే, మనిషి ఆయన కాడు. సంవత్సరీకం నాడు ఆ కోటు మనిషి ముందు పిండాలు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఇంకొకటి కూడా ఉంది. కళ్లు మూసుకుంటే ఆయన ఎలా నిలబడేవాడో నాకు తెలుస్తోంది గానీ కనపడ్డం లేదు. రోజూ ఆ కోటునే చూస్తున్నానుగా, కొన్నాళ్లకి కళ్లు మూసుకున్నా అదే కనపడుతుందేమో అనిపించింది. ఏడాది తిరిగేలోగా మనిషిని కాగితం మీదికి తెప్పించాలి. నన్ను పట్టుకున్నది అదొక్కటే.

రాజమండ్రిలో ఒక డ్రాయింగు మాస్టారు ఉన్నాడని తెలిసింది. హైస్కూల్లో చేసి రిటైరయ్యాడు. మేడ మీద రేకుల షెడ్డులో పిల్లలకి నేర్పుతాడు, పోయినవాళ్ల బొమ్మలు కూడా వేసిస్తాడు. షేరాటో ఎక్కి వెళ్లాను.

"ఫోటో ఉందాండీ?" అన్నాడు.

"ఉంది. కోటుంది."

"కోటు తీసేసి చొక్కా వేస్తాను లెండి."

"చొక్కా సంగతి కాదండి. ఆయన నిలబడాలి. ఆయన నిలబడ్డట్టు నిలబడాలి."

"నేను ఆయన్ని చూళ్లేదు కదండీ."

"నేను చెప్తాను."

చెప్పాను. మాస్టారు ఓపికగా వేశాడు. ఎవరో పెద్దమనిషి వచ్చాడు. పెళ్లిలో తాంబూలం కోసం నిలబడ్డట్టు ఉన్నాడు. ఇంకాస్త వాలాలి అన్నాను. ఎటు వాలాలి అన్నాడు. నోటితో చెప్పలేక లేచి నిలబడి చూపించాను. మాస్టారు నవ్వాడు.

"మీరు చూపించింది మీరేనండి. ఆయన రాలేదు."

"మరేం చెయ్యమంటారు?"

"మీరే నేర్చుకోవాలి. ఆయన మీకొక్కరికే తెలుసు."

నాకు వెటకారంలా అనిపించింది. "నా వయసెంతో తెలుసాండీ?" అన్నాను.

"నేను అడగలేదు కదండీ" అన్నాడు.

అక్షరాలే నేను పిల్లలు పెద్దయ్యాక నేర్చుకున్నాను. పంచాయితీ ఆఫీసు గదిలో పెద్దవాళ్లకి చదువు చెప్పేవారు. ఊడ్పులు ఊడ్చి వచ్చి, పుల్లల్లా బిగుసుకుపోయిన వేళ్లతో పలక పట్టుకునేదాన్ని. నేను మొదట కూడబలుక్కుని చదివింది బస్సు బోర్డు. అది చదివినప్పుడు మా ఆయన "ఇంక నన్నడగవన్నమాట" అన్నాడు. సంతోషంతో అన్నాడో, బెంగతో అన్నాడో అప్పుడు చూసుకోలేదు. ఆ పలక పట్టినప్పుడే సిగ్గు చచ్చింది. ఇప్పుడు బొమ్మలకి కొత్తగా పడే సిగ్గేమీ లేదు. ఆదివారాలు వెళ్లడం మొదలెట్టాను.

క్లాసులో అందరూ కాలేజీ పిల్లలు. బొమ్మల కాలేజీలో సీటు కోసం తయారవుతున్నారు. వాళ్లు దాన్ని జెస్చర్ అంటారు. మాస్టారు మాత్రం వాటం అంటాడు. "ముక్కూ మూతీ తర్వాత చూసుకుందాం. ముందు మనిషి వాటం పట్టుకోండి. ఎటు వాలాడు, బరువు ఏ కాలి మీదుంది, ఏం చెయ్యబోతున్నాడు. అది ఒక్క గీతలో రావాలి." మాలో ఒకరు స్టూలు దగ్గర నిలబడాలి. మిగతావాళ్లు గీయాలి. మాస్టారు సెల్లులో గంట పెడతాడు. అర నిమిషానికి మోగుతుంది. మోగగానే నిలబడ్డ మనిషి వాటం మారుస్తాడు, మనం కాగితంలో ఇంకో చోటికి పోవాలి. అరిటాకంత కాగితాలు, చేతిలో బొగ్గుముక్క. బొగ్గు నాకు కొత్త కాదు. దాంతో పళ్లు తోముకున్నదాన్ని.

మొదటి రోజు గంట మోగేసరికి నా కాగితం మీద చుక్కలున్నాయి. మళ్లీ మోగింది. మళ్లీ చుక్కలే.

మాస్టారు వంగి చూశాడు. "ఇవేంటండి?"

"తల. భుజాలు. మోచేతులు. మోకాళ్లు."

నా పక్కన కూర్చునే పిల్ల తొంగి చూసి పగలబడి నవ్వింది. "సార్, మామ్మగారు మనిషికి ముగ్గేస్తున్నారండి!"

నిజమే. చుక్కలు పెట్టుకోకుండా గీత ఎక్కడికి పోతుందో నా చేతికి తెలీదు. మెలికల ముగ్గు అంటే అంతే కదా, ముందు చుక్కలు, తర్వాత వాటి చుట్టూ తిరిగే గీత. ఎక్కడ మొదలెట్టామో అక్కడికే తెచ్చి కలపాలి. కలపకుండా వదిలేస్తే ఇంటికి మంచిది కాదని మా అమ్మ వీపు మీద ఒకటిచ్చేది. దాంతో నా మనుషులు అందరూ మూతబడిపోయి, ఊపిరాడనట్టు ఉండేవారు. తల దగ్గర మొదలెట్టిన గీత కాళ్ల కింద నించి తిరిగొచ్చి మళ్లీ తల దగ్గర కలిసేది. మాస్టారు వాటిని చూసి "గుమ్మడికాయలండీ ఇవి" అన్నాడు. "వదిలెయ్యండి గీతని. పోనివ్వండి."

"ఎక్కడికి పోనివ్వమంటారు?"

"మనిషి ఎటు పోతే అటు."

చెప్పడం తేలికే. నా చెయ్యి ఎన్ని ఏళ్ల చెయ్యి. చుక్క పెట్టొద్దంటే గాల్లోనే చుక్కలు పెట్టుకుని, తర్వాత గీసేది. మాస్టారు కనిపెట్టేసేవాడు. "ఆయ్, మీ చెయ్యి కాగితం మీద దోమలు కొడుతోందండి" అనేవాడు. పిల్లలు నవ్వేవారు. వాళ్లు నవ్వితే నాకు కోపం రాలేదు. నవ్వూ రాలేదు. మాస్టారు చెప్పినట్టు ఇంకో కాగితం తీసుకునేదాన్ని.

ఒక ఆదివారం నన్ను నిలబడమన్నారు. నిలబడ్డాను. గంట మోగాక ఆ నవ్వే పిల్ల తన కాగితం తెచ్చి చూపించింది. వంగిన గీత ఒకటి, నడుం దగ్గర ఎడమ పక్కకి విరిగినట్టు ఉంది. ఎడమ చెయ్యి దేన్నో పట్టుకున్నట్టు వంకరగా ఉంది. చేతిలో ఏమీ లేదు.

"ఇది నేనా?"

"మీరేనండి మామ్మగారు. మీరెప్పుడూ ఇలాగే నిలబడతారు. ఏదో మోస్తున్నట్టు."

నేను కిందికి చూసుకున్నాను. ఆ పిల్ల వేసినట్టే ఉన్నాను. ఎడమ నడుం మీద గంప పెట్టుకుని నడిచేదాన్ని. గంప ఎప్పుడో మానేశాను. నడుం మానలేదు. "బాగా వేశావు" అన్నాను. ఆ పిల్ల కాగితం నాకే ఇచ్చేసింది. మడత పెట్టి సంచిలో వేసుకున్నాను. పెద్దగా ఏమీ అనిపించలేదు. ఎవరో తెలిసినామెని దారిలో చూసినట్టు ఉంది.

మిగతా రోజుల్లో జనం ఉండే చోట కూర్చుని గీయమన్నాడు మాస్టారు. నేను కోటిపల్లి బస్టాండులో కూర్చునేదాన్ని. బస్సు కోసం నిలబడ్డవాళ్లు కాసేపు కదలరని నా ఆలోచన. తప్పు. బస్సు కోసం నిలబడ్డ మనిషిలా కదిలేది ఇంకోటి లేదు. ఒక కాలు మార్చి ఇంకో కాలు, సంచి ఇటు, మెడ అటు, బస్సు రాకపోయినా ఒకడు పరిగెడితే అందరూ పరుగు. జామకాయలు అమ్మే ఆమె ఒకతె నన్ను రెండు మూడు రోజులు అనుమానంగా చూసి, ఆగలేక అడిగేసింది.

"ఏంటమ్మా రాస్తన్నావు? సర్వేనా?"

"ఏం సర్వే?"

"ఏమో. పింఛన్లు కోస్తారేమోనని."

"బొమ్మలు గీస్తున్నాను."

"నన్నా?" తట్ట సర్దుకుని నిటారుగా కూర్చుంది. "కాయలు కూడా వెయ్యి. బాగా పెద్దగా వెయ్యి."

"ఇందాకట్లా కూర్చో. కదలకు."

"కదలకపోతే కాయలమ్మేదెవరు, నీ మొగుడా?"

"మా ఆయన పోయాడు."

"మా ఆయన ఉన్నాడు, ఏం లాభం" అంది. అని, తూకంలో తగ్గిందని గోల చేస్తున్న మనిషి వైపు తిరిగి వాడి తాతల్ని తిట్టింది. ఆ తిట్టేటప్పుడు ఆమె వాటం నాకు ఒక్క గీతలో వచ్చింది. చుక్క పెట్టకుండా వచ్చిన మొదటిది అదే. చూపిస్తే "నా ముఖమేదీ?" అంది. ముఖం వెయ్యలేదన్నాను. "మరి నేనని ఎలా తెలుస్తుంది?" అంది. వాడి మీద పడుతున్నావు కదా అన్నాను. కాసేపు చూసింది. తట్టలోంచి ఒక దోరకాయ తీసి నా ఒళ్లో పడేసింది.

అంటే ఊళ్లోవాళ్లు కాగితం మీదికి వస్తున్నారు. మా ఆయన రావడం లేదు. ఇంటికొచ్చి ఆయన్ని గీద్దామని కూర్చుంటే, ముఖంతో మొదలెట్టేదాన్ని. ఎదురుగా నిలబెట్టేదాన్ని. వేసిన ప్రతిసారీ పొలంలో దిష్టిబొమ్మ. కుడి భుజం దింపితే కుంటివాడిలా ఉన్నాడు. దింపకపోతే కోటు మనిషే. సంవత్సరీకం దగ్గర పడుతోంది.

ఒక సాయంత్రం మా అబ్బాయి వచ్చి "అమ్మా, ఇలా చూడు" అని సెల్లు నా ముందు పెట్టాడు. కోటు ఫోటో. చూస్తుండగానే కళ్లు ఆర్పాడు. నవ్వాడు. తల ఊపాడు. రెండు చేతులూ కోటులోంచి పైకి తెచ్చి దణ్ణం పెట్టాడు. మావాడి కళ్లల్లో నీళ్లున్నాయి. పాపం, ఎక్కడెక్కడో తిరిగి ఏదో యాప్ సంపాదించి చేయించాడు.

"దణ్ణం పెట్టేడేంటి?" అన్నాను.

"యాప్ అలా చేస్తుందమ్మా."

"ఇంజినీరొచ్చినా పెట్టలేదు ఆయన. లాకు మీంచి తల తిప్పేవాడు, అంతే."

"అమ్మా, కాసేపు ఏమీ అనకుండా చూడొచ్చు కదా."

చూశాను. మళ్లీ నవ్వాడు, మళ్లీ దణ్ణం పెట్టాడు. ఓట్లకొచ్చినవాడిలా. కోడలు కుర్చీలో కూర్చునే చూసింది. "బాగుందండి" అంది. మా అబ్బాయి సెల్లు జేబులో పెట్టుకుని, "సరే లే. నువ్వు గీసేది బాగా వస్తే సంవత్సరీకానికి అదే పెడదాం. కోటు తీసేద్దాం" అన్నాడు. వాడు మాట తప్పేవాడు కాదు. నాకు కావలసింది ఆ మాటే.

ఆ తర్వాతి ఆదివారం క్లాసంతా అన్నవరం బయల్దేరింది. కొండ మీద వ్రతాలకి జనం వరస కడతారు, మంచి వాటాలు దొరుకుతాయని మాస్టారు అన్నాడు.

"నేను కొండెక్కకూడదండి" అన్నాను. "ఏటిసూతకం. ఆయన పోయి ఇంకా ఏడాది నిండలేదు."

"అయ్యో. నేను మర్చిపోయానండి."

"కింద కూర్చుంటాను. కిందా జనమే కదా."

పిల్లలు మెట్లెక్కి పోయారు. మెట్లు మొదలయ్యేచోట టీకొట్టు బల్ల మీద కూర్చున్నాను. నడిచి వెళ్లేవాళ్లు నా పక్కనుంచే పైకి పోతున్నారు. నాకు కనపడేవన్నీ వీపులే. కాసేపు విసుగొచ్చింది. ముఖాల కోసం దిగేవాళ్లని గీద్దామని చూశాను. దిగేవాళ్లు వెనక్కి వాలి, మోకాళ్లు చూసుకుంటూ దిగుతున్నారు. ఆ ముఖాలూ దొరకలేదు. సరే వీపులే గీద్దామనుకున్నాను.

అప్పుడు ఒక జంట వచ్చింది. మా వైపు పల్లెటూరివాళ్లే. మగమనిషి భుజానికి సంచి తగిలించుకుని ముందు ఎక్కుతున్నాడు. ఆడమనిషి కొబ్బరికాయల సంచితో నాలుగు మెట్లు వెనక. ఆయన వెనక్కి తిరగడు. ఆమె ముందుకి రాదు. ఆమె ఆయన వీపు చూస్తూ ఎక్కుతోంది, మెట్లు చూడ్డం లేదు. ఆయన ఎక్కడ కాలు పెడితే అక్కడ పెడుతోంది.

నేను బొగ్గు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

నేను మా ఆయన్ని ఎదురుగా ఎప్పుడు చూశాను? అన్నం పెట్టేటప్పుడు ఆయన తల కంచంలో ఉంటుంది, నా కళ్లు గిన్నెలో ఉంటాయి. గట్టు మీద నడిస్తే ఆయన సైకిలుతో ముందు, నేను గంపతో వెనక. సంతకి పోయినా అంతే, పెళ్లికి పోయినా అంతే, ఆస్పత్రికి పోయిన చివరిసారి కూడా అంతే. నాకు తెలిసిన మనిషి వీపు. ఇన్నాళ్లూ నేను చూడని వైపు నించి ఆయన్ని గీయాలని కూర్చున్నాను. రాకపోవడంలో వింతేముంది.

కాగితం తిప్పాను. ఆలోచించలేదు. మెడ దగ్గర మొదలెట్టాను, కుడి భుజం కిందికి జారింది, నడుం దగ్గర కొంచెం పక్కకి పోయి, ఎడమ కాలి మీద దిగింది. కుడి చెయ్యి సైకిలు సీటు మీద. సైకిలుని హ్యాండిలు పట్టుకుని నడిపించేవాడు కాదు ఆయన, సీటు మీద చెయ్యి వేసి తోసేవాడు, ఎద్దు నడుం మీద చెయ్యేసినట్టు. తల కొద్దిగా కాలవ వైపు. నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో చూస్తూ నడవడం ఆయనకి అలవాటు. లేచిన మడమ దగ్గర గీత ఆగింది. మామూలుగా అయితే వెనక్కి తెచ్చి కలిపేదాన్ని. చెయ్యి దానంతటదే పైకి లేచిపోయింది.

ఏడుపొస్తుందేమో అని చూసుకున్నాను. రాలేదు. టీ చల్లారిపోయింది, అది తాగాను. ఇంకో కాగితం మీద మళ్లీ వేశాను. మళ్లీ వచ్చాడు. ఇంకొకటి. వచ్చాడు. మూడింట్లోనూ ఒకే మనిషి.

మాస్టారు కొండ దిగొచ్చి ఆకులో కట్టిన ప్రసాదం నా చేతిలో పెట్టాడు. ఏటిసూతకంలో తినొచ్చో లేదో నాకు తెలీదు. ఆకలేసింది, తినేశాను. మాస్టారు బల్ల మీది కాగితం తీసుకుని చూశాడు.

"ఎవరండీ ఈయన?"

"మీరు చూళ్లేదన్నారుగా."

కాగితాన్ని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు. "దీన్ని ఇంకేం చెయ్యకండి" అన్నాడు. "చెయ్యి కడుక్కునేదాకా ముట్టుకోవద్దు." పక్కనున్న పిల్ల ఈసారి నవ్వలేదు. "తాతగారు ఇటు తిరగరా అండి?" అంది.

"తిరగరు" అన్నాను.

మా అబ్బాయికి చూపించాను. చాలాసేపు చూశాడు. గుర్తుపట్టాడు. గుర్తుపట్టబట్టే కష్టంగా ముఖం పెట్టాడు.

"నాన్నే అమ్మా. కానీ ముఖం లేదు కదా."

"లేదు."

"దండ ఎక్కడ వెయ్యను? వీపుకి వెయ్యమంటావా? నలుగురూ వస్తారు, బాబాయిలు వస్తారు. పటం అటు తిరిగి ఉందేంటని అడుగుతారు. ఏం చెప్పను?"

వాడు అన్నదాంట్లో తప్పు లేదు. వీపుకి ఎవరూ దండ వెయ్యరు. మాట ప్రకారం పెట్టమని పట్టుబట్టొచ్చు, పెట్టేవాడే. కానీ ఆ రోజు వచ్చినవాళ్లందరూ వరసగా ఆ కాగితం ముందు నిలబడి తల గోక్కోవడం నా కళ్లకి కట్టింది. "సరే, కోటే పెట్టు" అన్నాను. వాడు "కోపమా అమ్మా?" అన్నాడు. లేదన్నాను. నిజంగానే లేదు. ఏదీ లేదు.

సంవత్సరీకం నాడు చుట్టాలొచ్చారు. ముందుగదిలో కోటు ఫోటోకి కొత్త ఫ్రేము, బంతిపూల దండ. బ్రహ్మగారు చేయించినట్టు మావాడు అన్నీ చేశాడు. మా ఆడపడుచు మళ్లీ ఏడ్చింది. మళ్లీ నా మెడ పట్టుకుంది. ఈసారి మోచెయ్యి గుచ్చుకోకుండా కొంచెం జరిగి కూర్చున్నాను. గారెలు బాగా కుదిరాయన్నారు. అందరూ తిన్నారు, వెళ్లారు.

వెనక వరండాలో, ఆయన సైకిలు ఆనించే చోట గోడ మీద హ్యాండిలు రాసుకుని గీత పడి ఉంది. సైకిలు ఎప్పుడో పాతసామాను బండికి పోయింది. నేను నాలుగు అన్నం మెతుకులు నలిపి, ఆ కాగితం అక్కడ అంటించాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని కూడా అనుకోలేదు. గిన్నెలు తోముకోవడానికి కుళాయి దగ్గర కూర్చున్నాను.

కోడలు పొద్దుటి నించీ నిలబడే ఉంది. వడ్డనలయ్యాక వచ్చి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. కాళ్లు చాపుకుంది. కళ్లు మూసుకుంది. కాసేపటికి మెడ నొప్పో ఏమో, తల ఇటు తిప్పి కళ్లు తెరిచింది.

లేచి నిలబడింది.

ఆలోచించి లేవలేదు. కాళ్లు వెనక్కి లాక్కుని, కొంగు సర్దుకుని, ఆయన మెట్టెక్కితే ఎలా లేచేదో అలా లేచింది. లేచాక చూసింది. గోడ మీద కాగితం. దాని మీద నాలుగు బొగ్గు గీతలు.

నేను గిన్నె పట్టుకుని ఆమెనే చూస్తున్నాను. ఆమె కూర్చోలేదు. ఆయనున్న రోజుల్లో అయితే ఈపాటికి కలెక్టర్నా అనే మాట రావాలి. వస్తే గానీ కూర్చునే అలవాటు లేదు ఆ పిల్లకి. నేను అనొచ్చు. అది నా మాట కాదు, నా నోట్లో బాగోదు. కుళాయి నీళ్లు పోతూ ఉన్నాయి.

"అత్తయ్యా" అంది చివరికి. "ఎప్పుడు వేశారండి?"

"అన్నవరంలో."

ఇంకా నిలబడే ఉంది. నేను కుళాయి కట్టేశాను. చేతి మీద గిన్నెల మసి, గోళ్లలో ఎప్పటిదో బొగ్గు. కడిగితే మసి పోయింది, బొగ్గు పోలేదు.

మా అబ్బాయి ముందుగదిలోంచి టీ కావాలని కేకేశాడు. కోడలు "వస్తున్నానండి" అని కొంగు దోపుకుంది. వెళ్తూ వెళ్తూ, ఆయన సైకిలు ఉంటే తప్పుకుని వెళ్లేది కదా, అలా ఒక అడుగు పక్కకి వేసి వెళ్లింది.

మర్నాడు తెల్లారి వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గు పెట్టాను. ఏడాది అయ్యింది కాబట్టి పెట్టొచ్చు. చుక్కలు పెట్టాను, గీత తిప్పాను, కలిపాను. చెయ్యి మర్చిపోలేదు.

కాగితం అక్కడే ఉంది. కింద ఒక మూల ఊడింది. మెతుకు పెట్టి మళ్లీ అంటించాలి.